మోకాళ్ల మీద కూర్చుని చూసిన లైబ్రరీ

స్కూల్లో కొత్త లైబ్రరీకి గది ఇస్తున్నారని తెలిసిన రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. మొదటి ప్లాన్‌లో గోడల నిండా ఏడడుగుల అద్దాల బీరువాలు, వాటికి తాళాలు గీశారు. చూడ్డానికి బాగుంది. కానీ రెండో తరగతి పిల్లకి అందేవి కింది అరలే కదా!

అందుకే ఆ ఖాళీ గదిలో మోకాళ్ల మీద కూర్చుని చూశాను. చిన్నపిల్లల వైపు అరలు మూడున్నర అడుగులు దాటకూడదని అప్పుడే తేల్చుకున్నాను. బొమ్మల పుస్తకాలు మరీ పల్చగా ఉంటాయి, నిలబెడితే పేరే కనపడదు. వాటిని అట్ట కనపడేలా పెట్టాలి. చోటు ఎక్కువ పడుతుంది, పట్టనీ.

తర్వాత నేల మీద సుద్దముక్కతో అరలు, బల్లలు గీసి చక్రాల కుర్చీ తిప్పి చూశాం. నేరుగా వెళ్లడానికి 90 సెంటీమీటర్లు చాలు, వెనక్కి తిరగాలంటే 150 దాకా కావాలి. మూల దగ్గర చక్రం గీత తొక్కేసింది. ఒక బల్ల తీసేశాం.

కిటికీ ఎదురుగా అరలు వద్దన్నాను, ఎండకి అట్టలు వెలిసిపోతాయి. అక్కడ చాపలు వేస్తాం. గది పై అంతస్తులో ఉంది కాబట్టి ఇంజనీరుతో కూడా మాట్లాడాం. నిండిన అరల బరువు తక్కువేం కాదు.

లైబ్రరీ పెరిగే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే అన్నారు. అందుకే ప్రతి అరలో మూడో వంతు ఖాళీగా వదులుతున్నాం.