తెల్లసొనలో తోకచుక్క

కాలేయంలోని క్యాన్సర్ కణితిని లోపలే ఉడికించేసే యాంటెన్నా తయారు చేయడం నా పీజీ ప్రాజెక్టు. చూడ్డానికి సూదిలా ఉంటుంది. దాన్ని కణితిలోకి గుచ్చి 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు పంపితే కణజాలంలోని నీరు వేడెక్కుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటితే అక్కడి కణాలు క్షణాల్లో చచ్చిపోతాయి. వంటింటి ఓవెన్ పనిచేసేదీ ఇదే ఫ్రీక్వెన్సీ మీద కాబట్టి నెలలో ముగించేస్తాననుకున్నాను.

ప్రయోగాలకు నిజం కాలేయానికి బదులు పాలీయాక్రిలమైడ్ జెల్ వాడాను. అందులో గుడ్డు తెల్లసొన కలుపుతాం. జెల్ పారదర్శకంగా ఉంటుంది, బాగా వేడెక్కినంత మేర తెల్లబడుతుంది. (గట్టిపడక ముందు అక్రిలమైడ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.)

మొదటిసారి పవర్ ఇచ్చాక సూది మొన చుట్టూ గుండ్రంగా తెల్లబడుతుందని చూస్తున్నాను. తెలుపు మాత్రం సూదిని పట్టుకుని పైకి పాకింది, అచ్చం తోకచుక్కలా. మనిషి ఒంట్లో అయితే ఆ తోక కాల్చేది బాగున్న కాలేయాన్నే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం దొరకడానికి మూడు వారాలు పట్టింది. సూదికి పవర్ తెచ్చే కేబుల్ లోహపు పైతొడుగు మీదుగా కరెంటు వెనక్కి పాకుతోంది. దాన్ని ఆపడానికి చోక్ పెట్టాలి, అంటే పావు తరంగదైర్ఘ్యం పొడవున్న లోహపు గొట్టం. నేను గాలిలో లెక్కగట్టి 31 మిల్లీమీటర్లకు కోశాను. లోపల నింపింది టెఫ్లాన్, అందులో తరంగం కురచబడుతుంది. కావలసింది 21 మిల్లీమీటర్లే! మళ్లీ కోసి, సూది లోపల చల్లటి నీళ్లు తిరిగేలా చేశాక తోక పోయింది.

కొలతలతోనూ తిప్పలే. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ లోహం కావడంతో మైక్రోవేవ్‌లకు అదే వేడెక్కి లేని వేడిని చూపించింది. ఫైబర్ ఆప్టిక్ సెన్సర్‌కు మారాక గానీ అంకెల మీద నమ్మకం కలగలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. రక్తనాళానికి బదులు జెల్‌లో సన్నటి గొట్టం పెట్టి 37 డిగ్రీల నీళ్లు పారించాను. గొట్టం పక్కన ఎవరో కొరికేసినట్టు ఒక ముక్క తెల్లబడకుండా మిగిలింది. పారే నీరు వేడిని ఎత్తుకుపోయింది. నిజం రోగిలో రక్తం చేసేదీ అదే. అలా మిగిలిన కణాల నుంచే క్యాన్సర్ తిరిగి రావచ్చు. పవర్ పెంచితే అవతలి వైపు అనవసరంగా కాలింది. చివరికి సూదిని గొట్టానికి దగ్గరగా జరిపి మళ్లీ మొదలుపెట్టాను. పది నిమిషాల తర్వాత చూస్తే, గొట్టం గోడ దాకా తెల్లబడి ఉంది.