రెండు ధూపవేదికల ఎదుట
చిన్నప్పుడు సండే స్కూల్లో బైబిల్లోని పరాయి దేవుడు "బయలు" పేరు వినిపించినప్పుడల్లా నాకు మా ఊరి చివర పశువులు మేసే బయలే కళ్లముందు మెదిలేది. హెబ్రీలో ఆ మాటకు యజమానుడు, భర్త అనే అర్థాలున్నాయని పెద్దయ్యాక తెలిసింది. ఆ అర్థం ఎంత ఇబ్బంది పెట్టగలదో మాత్రం పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లినప్పుడే తెలిసివచ్చింది.

కర్మెలు పర్వతం మీద ముహ్రాకా అనే చోట కార్మెలైట్ సన్యాసుల మఠం ఉంది. దాని ఆవరణలో ఇశ్రాయేలు ప్రవక్త ఏలీయా విగ్రహం కత్తి పైకెత్తి, బయలు ప్రవక్త ఒకణ్ణి కాలికింద తొక్కిపట్టి నిలిచి ఉంటుంది. మఠం మేడ మీద నుంచి యెజ్రెయేలు మైదానమంతా కనిపిస్తుంటే, మా పాస్టరు అయ్యగారు రాజులు మొదటి గ్రంథం 18వ అధ్యాయం తీసి, 450 మంది బయలు ప్రవక్తల కథను గొంతెత్తి చదివారు. కరువు కాలంలో ఏలీయా వాళ్లతో పోటీకి దిగి, ప్రార్థనతో ఆకాశం నుంచి అగ్నిని, చివరికి వానను రప్పించిన కథ అది. మెట్ట పొలాల నుంచి వచ్చిన మాకు ఆ కథలో అగ్ని కంటే చివర కురిసిన వానే ఎక్కువగా పట్టింది. నిజానికి అక్కడి తగవు వాన గురించే. సిరియా తీరంలోని ఉగారిత్‌లో 1929 నుంచి బయటపడిన మట్టి పలకల్లో బయలు ఉరుముల దేవుడు, మేఘాలనెక్కి తిరిగేవాడు. మనం పాడుకునే 104వ కీర్తనలో మేఘాలను వాహనంగా చేసుకున్నవాడు యెహోవా.

ఉత్తరాన తేల్ దాన్‌లో, యొర్దానుకు నీరిచ్చే ఊటల పక్కన, ఉత్తర ఇశ్రాయేలు రాజు యరొబాము బంగారు దూడను నిలిపిన ఉన్నత స్థలమని, అంటే పూజాస్థలమని, చూపే రాతి అరుగు ఉంది. బలిపీఠం ఎంత పెద్దదో తెలియడానికి అక్కడ లోహపు చట్రం నిలబెట్టారు. యరొబాము పరాయి దేవుడి పేరేదీ చెప్పలేదు. ఐగుప్తు నుంచి మిమ్మల్ని రప్పించినవాడు ఇతడే అన్నాడు. జనం పొరుగు యూదా రాజ్యంలోని యెరూషలేము మందిరం వైపు వెళ్లకుండా చూసుకోవడమే అతని అవసరం.

అయినా నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది కొండ కాదు, యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియం. దక్షిణాన అరాదు కోటలో 1960లలో జరిగిన తవ్వకాల్లో యూదా రాజ్యపు ఆలయమొకటి బయటపడింది. దాని గర్భగుడిని తెచ్చి ఇక్కడ అమర్చారు. వెనక నునుపు చేసిన నిలువు రాయి, ముందు సున్నపురాతి ధూపవేదికలు రెండు: ఒకటి 52 సెంటీమీటర్ల ఎత్తు, మరొకటి 40. ఎవరో వాటిని పగలగొట్టకుండా పక్కకు పడుకోబెట్టి, మట్టితో కప్పి దాచిపెట్టారట. యూదా రాజు హిజ్కియా ఇలాంటి పూజాస్థలాలను తీసేయించిన సంస్కరణల నాటి పని అని కొందరంటారు. వాటి పైభాగంలో నల్లటి పొర ఇంకా అంటుకునే ఉంది. 2020లో ప్రచురించిన పరీక్షల ప్రకారం పెద్దదాని మీద కాలినది సాంబ్రాణి జాతి ధూపం, చిన్నదాని మీద కాలినది గంజాయి. గంజాయి మాట చెప్పగానే మా వాళ్లలో ఇద్దరు నవ్వాపుకోలేకపోయారు.

వేదికలు రెండెందుకు? యెహోవాతో పాటు అషేరా అనే దేవతకు కూడా పూజ జరిగిందేమోనని కొందరు పండితుల ఊహ. సీనాయి ఎడారిలోని కుంటిల్లెత్ అజ్రూద్‌లో 1975-76లో దొరికిన పెద్ద జాడీల మీద "యెహోవా, ఆయన అషేరా" అనే రాత ఉన్న మాట నిజం. సాక్షాత్తు యెరూషలేము మందిరంలో ఉన్న అషేరా స్తంభాన్ని యోషీయా రాజు బయటికి తీయించి కిద్రోను వాగు దగ్గర కాల్పించాడని మన బైబిలే చెబుతోంది. ఇకమీదట నన్ను "నా బయలు" అని పిలవరని హోషేయ గ్రంథంలో దేవుడే అంటాడు. అంటే అప్పటిదాకా ఆయనను అలా పిలిచినవారున్నారన్నమాట. ఇరుగుపొరుగు దేవుళ్లు సరిహద్దు అవతలే ఉన్నారనుకుంటూ ఇన్నేళ్లు చదివాను.

మా బృందంలోని ఒక పెద్దావిడ అద్దానికి దగ్గరగా వంగి, "అయ్యగారూ, ఈ రెండింట్లో మన దేవుడిది ఏదండీ?" అని అడిగింది. కర్మెలు మీద అంత గట్టిగా చదివిన అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని, పక్కనున్న వివరాల పలకను మొదటి నుంచి మళ్లీ చదవసాగారు.