హైదరాబాద్‌లో ఫింగర్‌బోర్డ్ స్పాట్లు: ముందు రాయి సంగతి చూడండి

హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద స్కేట్‌బోర్డ్ తొక్కడం ఓ సాహసం. ఫింగర్‌బోర్డ్‌కి, అంటే రెండు వేళ్లతో ఆడే బుల్లి స్కేట్‌బోర్డ్‌కి మాత్రం ఇంత అనువైన ఊరు అరుదు. కారణం రాయి. గ్రానైట్, తాండూరు బండ, పాత మొజాయిక్, పాలరాయి... గల్లీకో రకం. ఫలానా చోట స్పాట్ (ఆడటానికి అనువైన జాగా) ఉందట అని పేర్లు వెతకడం కన్నా, ఏ రాయి ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే సొంత కాలనీలోనే నాలుగు దొరుకుతాయి.

మొదట కొలత. మన బోర్డు పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు, అసలు స్కేట్‌బోర్డ్ 80. అంటే సుమారు ఎనిమిదో వంతు. 15 సెంటీమీటర్ల మామూలు మెట్టు మన బోర్డుకి మనిషి ఛాతీ ఎత్తు గోడ లాంటిది. కొత్తవాళ్లు పెద్ద మెట్ల వరసలు చూసి ఎగబడేది, గంటలో విసిగిపోయేది ఇందుకే. వెతకాల్సింది 2 నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున్న అంచులు: షాపు గుమ్మం దగ్గర వేసిన గ్రానైట్ పట్టీ, వరండా చివర ఒక పలక మీద ఇంకో పలక ఎక్కిన చోటు, పూలకుండీల తొట్టి గట్టు. ఇవన్నీ మోకాలి కిందే ఉంటాయి కాబట్టి నేల చూపులు చూస్తూ నడవాలి.

తర్వాత గీతలు. బేరింగ్ చక్రాల వ్యాసం 7-8 మిల్లీమీటర్లు. రెండు పలకల మధ్య సందు 2 మిల్లీమీటర్లుంటే టక్కుమని చప్పుడొస్తుంది, అంతే. 5 మిల్లీమీటర్లుంటే చక్రం దాదాపు ఒక మిల్లీమీటరు లోపలికి దిగి బోర్డు తన్నుకుంటుంది. 8 దాటితే చక్రం మొత్తం మునిగిపోతుంది. కొలవడానికి పాత ఏటీఎం కార్డులు చాలు. ఒక్కోటి 0.76 మిల్లీమీటర్ల మందం కాబట్టి నాలుగు కలిపి దూరితే సందు 3 మిల్లీమీటర్లు దాటినట్టే, పక్క చోటు చూసుకోండి. చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైట్ రాళ్లు ఫొటోల్లో ఊరిస్తాయి కానీ చిన్న చిన్న ముక్కలు, మధ్యలో వెడల్పాటి సందులు. బోర్డు ఒక్క అడుగు దూరం కూడా సాఫీగా పోదు.

గ్రానైట్ అంతా ఒకటి కాదు. కాళ్లు జారకుండా మంటతో గరుకు చేసిన రకాన్ని ఫుట్‌పాత్‌లకు, ర్యాంపులకు వాడతారు. దాని మీద స్లైడ్ కొడితే, అంటే డెక్‌ని (బోర్డు చెక్క పలకని) రాయి మీద జారిస్తే, దాని అడుగున ఉన్న బొమ్మ గీసుకుపోతుంది, ఐదు పొరల మేపుల్ చెక్క అంచులు లేస్తాయి. అక్కడ గ్రైండ్లు (ట్రక్కుని, అంటే చక్రాలు బిగించే లోహపు ఇరుసుని అంచు మీద రాపిస్తూ పోవడం), మాన్యువల్స్ (ఒక వైపు చక్రాల మీదే పోవడం) వరకే. అద్దంలా పాలిష్ చేసిన రాయి మీద స్లైడ్ వెన్నలా పోతుంది, కానీ ప్లాస్టిక్ చక్రాలు పక్కకి జారిపోతాయి. కాస్త మెత్తని యూరిథేన్ చక్రాలుంటే ఆ బెడద తగ్గుతుంది. అంచునీ వేలితో తడిమి చూడండి. 2 మిల్లీమీటర్ల ఏటవాలు కోత ఉంటే ట్రక్కు చక్కగా కూర్చుంటుంది. కిచెన్ గట్టులా పూర్తిగా గుండ్రంగా తిప్పిన అంచు మీద నిలవదు. చక్రాల మధ్య జాగా సుమారు 2 సెంటీమీటర్లే, పట్టు దొరకదు.

మా ఓటు మాత్రం పాత మొజాయిక్‌కే. ఆబిడ్స్, కోఠి, నారాయణగూడ వైపు పాతకాలపు కమర్షియల్ కాంప్లెక్సుల్లో మెట్ల మలుపుల దగ్గర ఇది ఇంకా మిగిలి ఉంది. అక్కడికక్కడే పోసి అరగదీసిన నేల కాబట్టి సందులుండవు. గడుల మధ్య సన్నటి గాజు పట్టీలు ఉన్నా తగలవు. ఏళ్ల తరబడి చెప్పులు అరగదీసిన అంచు కొత్త గ్రానైట్ కంటే మెత్తగా జారుతుంది. ఒక్క ఇబ్బంది, మెట్టు అంచున జారకుండా కోసిన రెండు మూడు గాళ్లు. వాటికి సమాంతరంగా పోతే చక్రం ఇరుక్కుంటుంది, అడ్డంగా దాటండి. బాగా జారాలని అంచుకి కొవ్వొత్తి రుద్దితే వెళ్లేముందు గుడ్డతో పూర్తిగా తుడవండి. ఆ మైనం మీద కాలేసి ఎవరైనా పడితే పాపం మనదే. వాచ్‌మన్‌ని "అన్నా, పది నిమిషాలు ఆడుకుని పోతాం" అని ముందే అడిగితే చాలాసార్లు వాళ్లే నిలబడి చూస్తారు.

ఇరానీ హోటళ్ల పాలరాయి బల్లలు ఇంకో రకం ఆనందం. సాసర్ బోర్లిస్తే ఏటవాలు తయారు. రద్దీ లేని వేళ, చాయ్ ఆర్డర్ ఇచ్చాకే.

ఈ ఊరికే సొంతమైనవి గుట్టలు. ఖాజాగూడ, మౌలాలి వైపు రాళ్లు కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా ఊడుతూ వస్తాయి. పొర కొత్తగా ఊడిన చోట వంపు నున్నగా ఉండి, ఎవరో కొలిచి పోసిన క్వార్టర్ పైప్‌లా (స్కేటర్లు ఎక్కి దిగే వంపు గోడలా) కనిపిస్తుంది. నాచు పట్టిన, పలుకులు తేలిన పాత ముఖం పనికిరాదు, చక్రాలు గడగడలాడతాయి. అరచేత్తో రుద్దినప్పుడు రేణువులు రాలితే వదిలేయండి. పాత డెక్ తీసుకెళ్లండి, దాని ముందు కొస చిట్లడం ఖాయం. ఎండాకాలం ఉదయం ఎనిమిది లోపే ముగించాలి. తర్వాత రాయి కాలుతుంది, వేళ్లకు చెమట పట్టి డెక్ పైన అంటించిన టేప్ మీద పట్టు పోతుంది.

రెయిల్స్ (బోర్డుని జార్చే కడ్డీలు) విషయంలో మెట్రో స్టేషన్ల స్టీలు కడ్డీల జోలికి పోకండి. చేతికి సరిపడే గొట్టం మన బోర్డుకి డ్రమ్ము అవుతుంది. కిటికీ గ్రిల్లులో 10-12 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ చాలా మెరుగు. ఫుట్‌పాత్ మీది పసుపు గీతల టైల్స్ చూడగానే చెయ్యి దురద పెడుతుంది, కానీ అవి చూపు లేనివాళ్లకు దారి. అక్కడ కూర్చోవద్దు. చార్మినార్, గోల్కొండ కట్టడాల రాతి మీద బోర్డు పెట్టడం అసలే వద్దు. 1958 నాటి పురావస్తు చట్టం ప్రకారం వాటిని పాడుచేస్తే శిక్ష ఉంటుంది, చట్టం లేకపోయినా చేయకూడని పని.

సంచిలో ఉండాల్సినవి: ట్రక్కు పానా, రెండు మూడు అదనపు నట్లు (గడ్డిలో పడితే దొరకవు), పాత టూత్‌బ్రష్, కొవ్వొత్తి ముక్క, గుడ్డ. దుమ్ముకి చక్రం బిగుసుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, బాగా ఆరాక కుట్టుమిషన్ నూనె సూదిమొనతో పెట్టండి. నూనె ఎక్కువైతే మళ్లీ దుమ్మే. వాన పడితే బోర్డు బయటకి తీయొద్దు, పొరలు విడిపోతాయి.

ఎక్కడా కుదరకపోతే గ్రానైట్ షాపులో మిగులు ముక్క అడగండి. 30 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 2 మందం. ఒక అంచు పాలిష్ చేసి 2 మిల్లీమీటర్ల ఏటవాలు కోయించుకోండి. బరువు 1.3 కిలోలు వస్తుంది కాబట్టి గ్రైండ్ చేస్తున్నప్పుడు అంత తేలిగ్గా కదలదు. కింద పాత సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తే ఇంకా మంచిది.