ఐదు రిజిస్టర్లు, ఒక కుర్రాడు

యువతలో హింసను నివారించేందుకు శాఖల మధ్య సమన్వయం చూడాలంటూ నా పేరున ఉత్తర్వు వచ్చినప్పుడు అదేమంత పని అనుకున్నాను. పోలీసు, విద్య, వైద్యం, సంక్షేమం, పురపాలక శాఖల వాళ్లను నెలకోసారి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మినిట్స్ రాసి పంపడమే కదా! మొదటి మూడు సమావేశాలూ అలాగే నడిచాయి. ప్రతి శాఖా తన ఘనకార్యాలను తెర మీద చూపించింది. మిగతా వాళ్లం తలలూపి, సంతకాలు పెట్టి లేచాం.

నాలుగో సమావేశానికి ముందు పదహారేళ్ల అబ్బాయి ఒకడు కత్తిపోటుతో ఆసుపత్రిలో చేరాడు. అదృష్టవశాత్తు బతికాడు. అతని గురించి ఎవరి దగ్గర ఏముందో కనుక్కుందామని ఆఫీసులన్నీ తిరిగాను. బడి రిజిస్టరులో నెలల తరబడి గైర్హాజరు. పోలీసులు రెండుసార్లు మందలించి పంపినట్టు రాసుకున్నారు. ఇంట్లో గొడవల గురించి సంక్షేమ శాఖకు ఎప్పుడో ఫిర్యాదు అందింది. అంతకుముందు చెయ్యి విరిగి ఆసుపత్రికి వస్తే, కారణం దగ్గర ‘జారిపడ్డాడు’ అని ఉంది. అతను సాయంత్రాలు గడిపే పార్కులో దీపాలు వెలగడం లేదని పురపాలక కార్యాలయంలో ఒక అర్జీ పడి ఉంది. నాలుగు రిజిస్టర్లలో అతను, ఐదోదానిలో అతను కూర్చునే చోటు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు. అందరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టారు. నాకు మింగుడుపడనిదీ అదే.

ఆ ఆవేశంలో తప్పు చేశాను. ప్రమాదంలో ఉన్న పిల్లల పేర్లతో జాబితా ఇవ్వండని అన్ని శాఖలకూ లేఖ రాశాను. ఆసుపత్రి సూపరింటెండెంట్ ఇవ్వనన్నారు.

“పేర్లు పోలీసులకు వెళ్తాయని తెలిస్తే రేపటి నుంచి గాయంతో ఏ పిల్లాడూ మా గడప తొక్కడండీ. మీకు జాబితా ఉంటుంది, మాకు రోగి ఉండడు” అన్నారావిడ.

రెండు వారాలు ఆవిడ మీద కోపంగానే ఉన్నాను. తర్వాత కార్డిఫ్ సంగతి చదివాను. బ్రిటన్‌లోని ఆ నగరంలో జొనాథన్ షెపర్డ్ అనే ముఖ, దవడ శస్త్రవైద్యుడు తాము చికిత్స చేస్తున్న దాడి గాయాల్లో చాలావాటికి పోలీసుల దగ్గర నమోదే లేదని గమనించారు. అందుకని అత్యవసర విభాగంలోనే దాడి ఎప్పుడు, ఎక్కడ, దేనితో జరిగిందో అడిగి, పేర్లు తీసేసి, ఆ వివరాలను పోలీసులకూ నగర పాలక సంస్థకూ అందించే ఏర్పాటు చేశారు. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు అక్కడ నెలకు లక్ష జనాభాకు 7 నుంచి 5కు తగ్గారు. అదే కాలంలో పోలిక కోసం తీసుకున్న నగరాల్లో 5 నుంచి 8కి పెరిగారు. ఈ కాగితాలు పట్టుకుని వెళ్తే సూపరింటెండెంట్ గారు మొత్తం చదివి, “పేరు లేకపోతే నాకేం అభ్యంతరం?” అన్నారు. నేను రాసుకెళ్లిన ఏడు ప్రశ్నల్లో నాలుగు కొట్టేశారు కూడా.

ఆ మూడు ప్రశ్నలకే నెల పట్టింది. రాత్రి షిఫ్టు గుమాస్తా ఫోను చేసి, “సార్, ఎక్కడ జరిగిందంటే ‘బయట’ అంటున్నారు. బయట అనే రాయమంటారా?” అని అడిగాడు. ఎక్కడ అని కాకుండా, దగ్గరలో ఏముందని అడగమన్నాను. అంతే, గోడలు, మలుపులు, బస్టాపులు వరుసగా రావడం మొదలైంది. నా ఉద్యోగ జీవితంలో ఇంత పనికొచ్చిన సవరణ ఇంకొకటి చేయలేదు.

మూడు నెలల వివరాలు పటం మీద గుర్తు పెట్టాక మా అంచనాలన్నీ తలకిందులయ్యాయి. మేము రాత్రులకు భయపడుతున్నాం. గాయాలు ఎక్కువగా బడి వదిలే వేళకు, రెండు బడుల పిల్లలు ఒకేసారి చేరే ఒకే ఒక్క బస్టాపు దగ్గర ఉన్నాయి. బస్సుల వాళ్లు మా కమిటీలోనే లేరు! వాళ్లను చేర్చడానికి మళ్లీ ఉత్తర్వు, మళ్లీ సంతకాలు. చివరికి ఒక బడి ఇరవై నిమిషాలు ముందు వదలడానికి ఒప్పుకుంది. నిధుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అడిగాం, వస్తాయన్నారు.

మధ్యలో ఒక పోలీసు అధికారి, అల్లరి పిల్లలను జైలుకు తీసుకెళ్లి చూపిస్తే బుద్ధి వస్తుందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. అయితే అమెరికాలో 1970ల నుంచి నడిచిన అలాంటి కార్యక్రమాలను పరిశీలించినవాళ్లు, వెళ్లొచ్చిన పిల్లలే వెళ్లని వాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారని తేల్చారు. ఆయన నొచ్చుకున్నారు, ఆలోచన మాత్రం ఆగింది. మరి బోస్టన్‌లో 1996లో చేసినట్టు ముఠాల కుర్రాళ్లను పిలిపించి, ఆగకపోతే చట్టం ఏం చేస్తుందో, ఆగితే ఏ సాయం దొరుకుతుందో ముఖాముఖి చెబుదామా అనుకున్నాం. సాయం వైపు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. సగం మాటే చెబితే అది ఉత్త బెదిరింపు అవుతుందని మానుకున్నాం.

ఇక ఆ అబ్బాయి. అతని ఒక్కడి విషయంలో పేరుతో మాట్లాడుకోక తప్పదు కనుక, అతణ్ణీ, పెంచుతున్న అమ్మమ్మనూ అడిగి సమ్మతి తీసుకున్నాం. ఐదు శాఖల వాళ్లమూ వాళ్లిద్దరితో గంటన్నర కూర్చున్నాం. బడిలో ఎవరు చూసుకోవాలో, కట్టు మార్చడానికి ఎవరు తీసుకెళ్లాలో మనిషి పేరుతో సహా రాసుకున్నాం. సంతకం పెట్టే ముందు ఆ పెద్దావిడ కలం పట్టుకుని ఆగింది.

“ప్రతి ఆఫీసులోనూ ఇదే కథ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది నాయనా. ఇక్కడ చెప్పేశాను కదా, ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా?”

అక్కర్లేదమ్మా అన్నాను. తర్వాతి వారమే బడి నుంచి ఆమెకు కబురు వెళ్లింది, వివరాలన్నీ మొదటి నుంచి చెప్పి వెళ్లమని.