బాలింత గదిలో బొగ్గుల తట్ట

చలికాలంలో బాలింత ఉన్న ఇంటికి పోతే, బిడ్డను తూచే ముందు నేను గది మూలలు చూస్తాను. దేవరకొండ వైపు ఊళ్ళలో ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా తిరిగేదాన్ని కాబట్టి అక్కడ ఏముంటుందో నాకు ఎరుకే. ఇనుప తట్ట, దాంట్లో బూడిద కప్పిన బొగ్గులు. తలుపు కింద గోనెసంచి కుక్కి ఉంటుంది, కిటికీకి పాత చీర అడ్డం కట్టి ఉంటుంది. బాలింత చెవుల్లో దూది, తలకు రుమాలు.

కట్టెల పొగైతే ఎవరైనా దగ్గుతారు, కళ్ళు నలుపుకుంటూ పోయి తలుపు తీస్తారు. ఎర్రగా రాజుకున్న బొగ్గుకు పొగ ఉండదు. "నిప్పులు మంచిగైనయి, ఇగ లోపల పెట్టుండ్రి" అంటారు. నాకు భయమయ్యేది ఆ పొగలేని నిప్పంటేనే. మూసిన గదిలో గాలి చాలక బొగ్గు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు తల తిరిగిన సంగతి కూడా తెలియదు.

పోయిన చలికాలం ఒక ఇంట్లో బాలింతకు తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం. పక్కన పడుకునే వాళ్ళమ్మకూ తలనొప్పే. సలిగాలి సోకిందని తట్టలో ఇంకిన్ని బొగ్గులు వేశారు. జ్వరం లేదు. ప్రసవం తర్వాత తలనొప్పి అంటే ముందు బీపీ చూడాలి, చూశాను, అదీ మామూలే. నెత్తుటిలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ వేలికి పెడితే 98 శాతం, అంటే మామూలే. ఇక్కడ ఆ అంకెను నమ్మడానికి లేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆ మిషన్ ఆక్సిజన్ ఉన్నదాని లెక్కలోనే వేసుకుంటుంది. "బయట ఎండల కూసుంటె తగ్గుతుందమ్మా, లోపలికి వోతె మళ్ళ వట్టుకుంటుంది" అని ఆ పిల్ల అన్నది చూడండి, అదీ అసలు సంగతి. తలుపులు బార్లా తీయించి, తట్ట వాకిట్లో పెట్టించి, బిడ్డతో సహా ముగ్గురినీ 108లో పంపాను. బొగ్గుల సంగతి డాక్టరుకు చెప్పమని మరీ మరీ చెప్పాను. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర. మనిషి స్పృహ తప్పి ఉంటే ముందు బయటికి లాగాలి. నీళ్ళు చల్లుకుంటూ అదే గదిలో కూర్చోవద్దు.

తర్వాత ఆ ఇంటి అవ్వతో పంచాయితీ. "మా అత్త నా నలుగురు పిల్లలకు గిట్లనే వెట్టింది బిడ్డా, ఎవలికేమైంది?" అన్నది. అబద్ధం కాదు. "అప్పుడు మీది పెంకుటిల్లు గద అవ్వా?" అన్నాను. పెంకుల సందుల్లోంచి, గోడకూ కప్పుకూ నడుమ ఖాళీలోంచి రాత్రంతా గాలి ఆడేది. ఇప్పుడు స్లాబు ఇల్లు, అద్దాల కిటికీలు. అవ్వ చాలాసేపు కప్పు దిక్కు చూసి, "గయితె కిటికీ జెర్రంత తీస్త" అన్నది. జెర్రంత చాలదు. పక్కన గిన్నెలో నీళ్ళు పెడితే గాలి శుభ్రమైతదని కొందరంటారు, అదీ వట్టిదే.

కాపడం మానమని నేను అనలేదు, అంటే నా మాట వినేదే కాదు. బొగ్గులు వాకిట్లోనే ఉండాలి. కాపడం గుడ్డ అక్కడే వెచ్చబెట్టి లోపలికి తేవాలి. తల ఆరబెట్టుకునేది వరండాలో. బిడ్డకు టోపీ, సాక్సులు వేసి, తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి పైన దుప్పటి కప్పితే ఆ వెచ్చదనమే చాలు. సాంబ్రాణి మీద ఇంకో రోజు కొట్లాడుకుందామని ఊరుకున్నాను.

ఊళ్ళ సంగతి ఇది. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివిన మా చిన్నమ్మ కొడుకు, కిటికీ కూడా లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకున్నాడు. "లీకైతె వాసనొస్తది గదక్కా" అన్నాడు. కాలని గ్యాస్‌కు వాసన వస్తుంది, అందులో మెర్కాప్టాన్ కలుపుతారు కనుక. కాలిన తర్వాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ వాసన ఎక్కడిది? మంట నీలంగా కాకుండా పసుపుపచ్చగా వస్తోందని, పైన మసి పడుతోందని వాడే చెప్పాడు, నీళ్ళు మాత్రం బాగా కాగుతున్నాయట! గోడకు బొక్క కొట్టనియ్యనని ఇల్లుగలాయన కొన్నాళ్ళు సతాయించాడు. చివరికి గీజర్ బయటి గోడకు ఎక్కింది, వేడినీళ్ళ పైపు ఒక్కటే లోపలికి వచ్చింది. బొక్క కొట్టిన ఖర్చు మాత్రం మావాడే పెట్టుకున్నాడు.