కెర్నెల్ మారింది, డ్రైవర్ పాతదానితోనే ఉండిపోయింది

"అన్నా, అక్షరాలన్నీ ఇంత పెద్దగ కనబడుతున్నయ్. వర్చువల్ మెషీన్ కూడ లేస్తలేదు. రేపే ప్రాజెక్ట్ రివ్యూ!"

ఇవాళ సాయంత్రం హనుమకొండ నయీంనగర్‌లో మా తమ్ముడి రూమ్‌. అసెంబుల్డ్ పీసీలో లినక్స్ అప్‌గ్రేడ్ బాగానే పూర్తయి కొత్త కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే అసలు భాగం) వచ్చింది, స్క్రీన్ మాత్రం 1024×768 దగ్గర ఆగిపోయింది. పిల్లవాడి ముఖంలో టెన్షన్.

బయటి డ్రైవర్లను ప్రతి కెర్నెల్‌కీ తయారుచేసిపెట్టే డీకేఎంఎస్ (DKMS) టూల్‌లో స్టేటస్ కొట్టి చూశాం. పాత కెర్నెల్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉంది, కొత్తదాని ఊసే లేదు. బయటి నుంచి వేసుకున్న గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ ప్రతి కొత్త కెర్నెల్‌కీ మళ్లీ కంపైల్ కావాలి. అందుకు ఆ కెర్నెల్ హెడర్లు (కంపైల్‌కి కావాల్సిన ఫైళ్లు) ఉండాలి. అవే రాలేదు. హెడర్లు వేసి, డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడిపి, రీబూట్ చేస్తే స్క్రీన్ దారికొచ్చింది. (సంతకం లేనివాటిని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కి డిజిటల్ సంతకం కూడా ఉండాలి. రీబూట్‌లో వచ్చే నీలం తెర మీద ఆ సంతకం కీని ఎన్‌రోల్ (నమోదు) చేయకుండా దాటేయకండి.)

వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్) సంగతి వేరు. లినక్స్ 6.12 నుంచి కేవీఎం (కెర్నెల్‌లోనే ఉండే వర్చువల్ మెషీన్ల భాగం) లోడ్ కాగానే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. తర్వాత వచ్చే వర్చువల్‌బాక్స్‌కి (తమ్ముడు వర్చువల్ మెషీన్ నడిపే ప్రోగ్రాం) చోటుండకపోవచ్చు. బూట్ ఆప్షన్లలో 'kvm.enable_virt_at_load=0' అని చేర్చాక లేచింది.

ఇలాంటి ఒక్క రాత్రికే ఎంతమంది పిల్లలు లినక్స్ వదిలేస్తారో అనిపించి బాధేసింది. చెప్పేవాళ్లుంటే అరగంట పని.

పాత కెర్నెల్‌ని మాత్రం తీసేయకండి, బూట్‌లో కెర్నెల్ ఎంచుకునే గ్రబ్ మెనూలో ఉండనివ్వండి. హనుమకొండ, కాజీపేట వైపు ఎవరికైనా ఇలా ఆగిపోతే మెసేజ్ పెట్టండి, వచ్చి చూస్తాను.