లండన్‌లో కాటలాన్ల గోపురం కింద

ఆఫీసులో నా పక్క సీటు బార్సిలోనా అమ్మాయి "మా ప్రాక్టీసుకి రా, ఊరికే చూద్దువుగాని" అంది. వెళ్లాక ఊరికే ఎందుకు చూడనిస్తారు!

స్పెయిన్‌లో బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంవాళ్లు, అంటే కాటలాన్లు, మనుషుల భుజాల మీద మనుషులు ఎక్కి కట్టే గోపురాల ప్రాక్టీసు అది. వాటిని కాస్టెల్స్ అంటారు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మన ఉట్టి కొట్టే కుర్రాళ్లే గుర్తొచ్చారు. కాకపోతే ఇక్కడ కొట్టడానికి పైన ఏమీ ఉండదు. చిన్నపిల్ల చివరిదాకా ఎక్కి, చెయ్యెత్తి, దిగిపోతుంది. అంతే.

ముందు నడుముకి పొడవాటి నల్ల గుడ్డ. ఒకరు కొస బిగించి పట్టుకుంటే మనమే గిర్రున తిరుగుతూ చుట్టుకోవాలి. నడుముకి దన్నూ అదే, ఎక్కేవాళ్లు కాలు పెట్టే మెట్టూ అదే.

నన్ను అడుగున గుంపులో నిలబెట్టారు. ఒకటే టెన్షన్! కేకలన్నీ కాటలాన్‌లోనే. ఇంగ్లిష్‌వాళ్లు, ఇటలీవాళ్లు కూడా ఆ కేకలకే కదులుతున్నారు.

స్పెయిన్ నియంత ఫ్రాంకో హయాంలో బడుల్లోంచి, ఆఫీసుల్లోంచి గెంటేసిన భాష ఇది. ఇప్పుడు కాటలాన్ భాషని, సంస్కృతిని బయటి దేశాల్లో చాటే రమోన్ ల్యుల్ ఇన్‌స్టిట్యూట్ 2002 నుంచి విదేశీ యూనివర్సిటీల్లో కాటలాన్ పాఠాలకి సాయం చేస్తోంది. మంచి పనే. కానీ క్లాసులో చేరాలంటే ముందే ఆసక్తి ఉండాలి కదా. ఇక్కడ భుజాలు ఖాళీగా ఉంటే చాలు.

ఏప్రిల్ 23న వాళ్ల సాంత్ జోర్దీ పండగ. పుస్తకాలు, గులాబీలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఇంగ్లండ్‌కీ అదే సెయింట్ జార్జ్ డే, కానీ ఇక్కడ ఆ హడావుడి తక్కువే. నేనైతే వాళ్ల పుస్తకాల బల్ల దగ్గరే ఉంటాను. లండన్‌లో ఉన్నవాళ్లు రండి, గులాబీ నా ఖర్చు.